ఇరవై ఏడో నంబరు

త్రిపురసుందరి గారిని ఎవరేం అడిగినా ముందు "మళ్ళీ అడుగు" అంటారు. వినపడక కాదు. డెబ్బై దాటినా ఆవిడ చెవులు చురుకే. మొదటిసారి మనిషి తన ప్రశ్నను ఇస్త్రీ చేసి తెస్తాడని, రెండోసారికి మడతలు నలిగి అసలు సంగతి కొంత బయటపడుతుందని ఆవిడ నమ్మకం. కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు శనివారం సాయంత్రాలు తమ ఇంటి వరండాలో, ఓపికున్న పిల్లలకు అదే చెబుతున్నారు.

ఆ శనివారం ఐదింటికల్లా ప్రణవి వచ్చి కూర్చుంది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్ల. ఇంకా ఎవరూ రాలేదు. ఆమె గుప్పిట్లో హాస్టల్ గది తాళంచెవి ఉంది. ఆ గదికి బయటినుంచి తాళం వేసి వచ్చింది. లోపల ఆమె స్నేహితురాలు జ్యోత్స్న పడుకుని ఉంది.

ఆ మధ్యాహ్నం ఒక హోటల్లో జూనియర్లకు స్వాగతం పార్టీ ఇచ్చారు. కూల్‌డ్రింక్ సీసాల్లో వోడ్కా కలిపి తెచ్చారు. వాళ్ళ కాలేజీలో ఒక పద్ధతి ఉంది: పేరు పిలవగానే లేచి నిలబడాలి, గ్లాసు కింద పెట్టకుండా ఖాళీ చెయ్యాలి, చుట్టూ ఉన్నవాళ్ళు అంకెలు లెక్కపెడుతూ చప్పట్లు కొడతారు. జ్యోత్స్న పేరు ఐదుసార్లు పిలిచారు. మూడింటికి ముగ్గురు కలిసి ఆమె ముఖానికి చున్నీ చుట్టి, ఆటోలో తెచ్చి, వాచ్‌మన్ కళ్ళుగప్పి గదిలో పడేశారు. నోట్లో నిమ్మరసం పోశారు. "పడుకుంటే అదే దిగిపోతుందిలే" అని తక్కిన ఇద్దరూ వెళ్ళిపోయారు. ఏడింటికి హాస్టల్ హాజరు. అప్పటికీ లేవకపోతే రెండు పేర్లకూ తానే పలుకుతానని ప్రణవి మాటిచ్చింది. అయినా గదిలో ఒక్కతే కూర్చోలేక ఇలా వచ్చింది.

"మేడమ్, స్నేహితుల రహస్యం దాచడం ధర్మమేనా?" అంది.

"మళ్ళీ అడుగు."

ప్రణవి గొంతు సవరించుకుంది. "అంటే... ఒక ఫ్రెండ్ తాగిందనుకోండి. చెబితే హాస్టల్ నుంచి గెంటేస్తారు. చెప్పకుండా కాపాడితే తప్పా?"

త్రిపురసుందరి గారు ధర్మం జోలికి పోలేదు. "ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి మాట చెబుతాను, విను," అన్నారు.

ఆ ఏడు ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఉప్పాడ వైపు, సముద్రం ఒడ్డున సరుగుడు తోటకు పిక్నిక్ తీసుకెళ్ళారు. వెంట వెళ్ళిన లెక్చరర్ ఆవిడే. మగపిల్లలు కొబ్బరి బోండాలు పట్టుకుని తోట లోపలికి పోయి వస్తున్నారు. బోండాల్లో ఉన్నవి నీళ్ళే కావని ఆవిడకు వాసనను బట్టి తెలుస్తూనే ఉంది. ఒకరోజు సరదా, పోనీలే అనుకున్నారు.

నాలుగింటికి బస్సెక్కాక హాజరు పిలిచారు. నలభై మూడు మంది. ఇరవై ఏడో నంబరు సత్యప్రసాద్. "ప్రెజెంట్ మేడమ్" అని వెనక సీటులోంచి వినపడింది.

"ఆ గొంతు నేను పందొమ్మిదో నంబరు దగ్గర ఒకసారి విన్నాను. వీరభద్రం గొంతు. సత్యప్రసాద్‌కి ప్రాణమిత్రుడు. క్లాసులోనూ ఒకరికొకరు పలికేవాళ్ళు. నాకు తెలుసు. తెలిసీ హాజరు వేసేదాన్ని. అందుకే పిల్లలకు నేనంటే ఇష్టం."

"ఆ రోజు కూడా వేశారా మేడమ్?"

"వేశాను. కుర్రాడు తూలుతూ వెనక సీటులో ఎక్కడో పడుకుని ఉంటాడు, చూస్తే ప్రిన్సిపాల్‌కి చెప్పాల్సొస్తుంది, చూడకపోతే పోయె అనుకున్నాను. బస్సు కదిలింది."

సత్యప్రసాద్ బస్సులో లేడు. సరుగుడు చెట్ల కింద ఉన్నాడు. మేడమ్ కంటపడితే పరువు పోతుందని స్నేహితులు అతన్ని నీడలో పడుకోబెట్టి, ఈగలు వాలకుండా ముఖం మీద తువ్వాలు కప్పారు. ఊళ్ళో దిగి, స్కూటర్ అడిగి తెచ్చుకుని, వెంటనే వెనక్కి వెళ్ళారు. గంటన్నర పట్టింది. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. వాంతి గొంతుకు అడ్డంపడి, వాళ్ళు వెళ్ళేసరికే అయిపోయింది.

ప్రణవి అడిగింది.

"అతన్ని ఎలా పడుకోబెట్టారు మేడమ్?"

"వెల్లకిలా."

"తల కింద ఏమన్నా పెట్టారా?"

"వీరభద్రం తన చొక్కా విప్పి మడతపెట్టి పెట్టాడు. వాడిది దొంగ ప్రేమ కాదమ్మా." ఆవిడ ప్రణవి గుప్పిటవైపు చూశారు. "ఆ తాళంచెవి ఏ గదిది?"

ప్రణవి చెప్పేసింది. నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

"వార్డెన్‌కి ఫోన్ చెయ్యి."

"మేడమ్, నేనే ఆటోలో వెళ్ళిపోతాను. ఇరవై నిమిషాలు. వార్డెన్‌కి తెలిస్తే దాన్ని పంపించేస్తారు. వాళ్ళ నాన్న చదువు మాన్పించేస్తాడు. అది జన్మలో నాతో మాట్లాడదు."

"ఇరవై నిమిషాలా?" అన్నారావిడ. అంతే అన్నారు. గొంతు పెంచలేదు.

ప్రణవి రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారికి వార్డెన్ పలికింది. "మేడమ్, రెండొందల పన్నెండు. తాళం పగలగొట్టండి. జ్యోత్స్న లోపల ఉంది. తాగి ఉంది. నేనే తాళం వేశాను," అంది.

వాచ్‌మన్ రాయితో తాళం బద్దలుకొట్టాడు. దిండంతా వాంతి. పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి, గుర్రుగుర్రుమని చప్పుడు తప్ప ఊపిరి సరిగా లేదు. వాచ్‌మన్ భార్య ఆమెను పక్కకు తిప్పి, నోట్లో వేలుపెట్టి శుభ్రం చేసింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మూడో రోజు తండ్రి వచ్చాడు. హాస్టల్ వాళ్ళు ఆమె పెట్టె వరండాలో పెట్టేశారు. ఆయన కాళ్ళావేళ్ళా పడితే కాలేజీ మాత్రం ఉండనిచ్చింది. ఇప్పుడు పిన్నిగారింటి నుంచి రోజూ బస్సులో వస్తోంది. పార్టీకి వెళ్ళినవాళ్ళందరినీ పిలిచి విచారించారు. క్లాసులో ఎవరూ ప్రణవి పక్కన కూర్చోవడం లేదు. ఎవరో ఆమె బెంచీ మీద సుద్దతో "వార్డెన్ గారి చెల్లెలు" అని రాశారు.

మూడు వారాలు ప్రణవి ఆ వరండాకు రాలేదు. నాలుగో శనివారం వచ్చింది. తక్కిన పిల్లలు పాఠం అయ్యాక వెళ్ళిపోయారు. తను మాత్రం మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నేను చేసింది తప్పంటున్నారు మేడమ్ అందరూ. నేను కాపాడతానని అది నన్ను నమ్మింది, నేను బయటపెట్టాను. ఎదురుపడితే జ్యోత్స్న నా ముఖం కూడా చూడటం లేదు. నిన్న మెట్ల దగ్గర నేను పలకరిస్తే, తల తిప్పుకుని విసవిసా వెళ్ళిపోయింది."

త్రిపురసుందరి గారు "మళ్ళీ అడుగు" అనలేదు.

"నడిచే వెళ్ళింది కదా," అన్నారు.