గుమ్మంలో కంప్యూటరు

వంగలపేటలో తెలివంటే గౌరునాయుడు ఇంటిదేనని అందరూ ఒప్పుకుంటారు. అందరూ అంటే ఆ ఇంట్లో ముగ్గురూ. గౌరునాయుడు, భార్య తవుడమ్మ, తమ్ముడు సన్యాసిరావు. కూతురు ఇందు మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా వేరే పని చూసుకుంటుంది.

"ఊళ్ళోవాళ్ళు సగం విని, మిగతా సగం సొంత తెలివి కలుపుతారు. మేం కలపం. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అంటాడు గౌరునాయుడు. నిజమే మరి. కిందటేడు బస్సులో కండక్టరు లోపలికి జరగమన్నాడని, జరిగి జరిగి వెనక తలుపులోంచి రోడ్డు మీదికి దిగిపోయిన మనిషి. మిగతావాళ్ళు జరగలేదని ఇప్పటికీ ఆయనకి బాధే.

అలాంటి ఇంట్లో కంప్యూటరు పవర్ సప్లై కాలిపోయింది. ఇందు నర్సింగు సీటుకి దరఖాస్తు పెట్టాలి. సర్టిఫికెట్లూ ఫొటోలూ అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. గడువు ఆ రోజు సాయంత్రం ఐదు. ఇందు ఆదాయం కాగితం కోసం పొద్దున్నే సైకిలు మీద టౌనుకి వెళ్తూ, "నేనొచ్చేసరికి నడవాలి నాన్నా. లేదంటే ఏడాది పోయినట్టే" అంది.

అంతకుముందు రోజే టౌన్లో రిపేరు షాపు రఫీ కొత్త పవర్ సప్లై ఇస్తూ, నాలుగు స్క్రూలు బిగించి, పెద్ద వైరు బోర్డుకీ పక్క వైరు డిస్కుకీ పెట్టమన్నాడు. గౌరునాయుడు అలాగే చేశాడు. ఇంకో చిన్న వైరు మిగిలింది. దాని గురించి ఎవరూ చెప్పలేదు కనక, దాన్ని మర్యాదగా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, డబ్బాలోనే ఓ మూలకి పెట్టాడు.

స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

రఫీకి ఫోను చేశాడు.

"అక్కర్లేనివన్నీ తీసేసి చూడండి నాయుడుగారూ" అన్నాడు రఫీ.

ఇంకేముంది, ముందు ప్రింటరు పోయింది. తర్వాత స్పీకర్లు పోయాయి. అయినా తెర నల్లగానే ఉంది. అక్కర్లేనివి ఇంకా మిగిలాయన్నమాట. మంచం పగలు అక్కర్లేదు, బయటికి. దుప్పట్లు ఎండాకాలం అక్కర్లేదు, బయటికి. మినపపప్పు అయిపోయింది కనక గ్రైండరూ బయటికే. తొమ్మిదింటికల్లా ఇల్లంతా వాకిట్లో ఉంది.

"అన్నయ్యా, నేను అవసరమేనా?" అన్నాడు సన్యాసిరావు.

"సామాను మొయ్యాలి కదరా. నీ సంగతి చివర్న చూద్దాం."

మళ్ళీ ఫోను. "కాస్త వెలుతురులో పెట్టి లోపల వైర్లన్నీ చూడండి" అన్నాడు రఫీ. ఇంట్లో వెలుతురు పడేది వీధి గుమ్మంలోనే. వెనక గుమ్మం లేని ఇల్లు అది. బల్లతో సహా మోసుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టి, ముగ్గురూ వాకిట్లోంచి వంగి వైర్లని తనివితీరా చూశారు.

"చూశాం బాబూ."

"ఎలా ఉన్నాయి?"

"చూడముచ్చటగా ఉన్నాయి. పసుపూ ఎరుపూ ఎక్కువ" అంది తవుడమ్మ.

రఫీ, "ప్లగ్గు తీసేసి, పవర్ బటను నొక్కి పట్టుకోండి. ఇక్కడ షాపులో మనిషి నిలబడ్డాడు, పంపించి నేనే ఫోను చేస్తాను" అన్నాడు.

అంతే. గౌరునాయుడు బొటనవేలు బటను మీద పెట్టాడు.

పదయింది. పదకొండయింది. తవుడమ్మ వాకిట్లో సామానులోంచి చద్దన్నం గిన్నె వెతికి, అక్కడికే కంచం తెచ్చి, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

"ఓసారి ఫోను చెయ్యరాదా?"

"ఆయనే చేస్తానన్నాడు కదే. మధ్యలో మనం చేస్తే ఆయన మాట ఏం కావాలి?"

ఒంటిగంటకి గౌరునాయుడికి ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళక తప్పలేదు. వేలి మీద వేలు పెట్టి, ఆయన వచ్చేదాకా సందు లేకుండా సన్యాసిరావు అందుకున్నాడు. మూడింటికి గౌరునాయుడి వేలు తెల్లబడి, తిమ్మిరెక్కింది. ఎదురుగా గోడగడియారం, అది కూడా వాకిట్లోనే, టిక్కుటిక్కుమంటోంది. ఇందు ఏడాది పోతుందేమోనని ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు మాత్రం తియ్యలేదు.

నాలుగున్నరకి ఇందు రఫీ బండి వెనక కూర్చుని దిగింది. దారిలో షాపు దగ్గర ఆగి, వెంటబెట్టుకొచ్చేసింది. వాకిట్లో సామాను చూసి రఫీ, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అన్నాడు.

"మీరే కదా చెయ్యమన్నారు" అన్నాడు గౌరునాయుడు.

రఫీ డబ్బాలోకి తొంగి చూసి, రబ్బరుబ్యాండు వేసిన చిన్న వైరు బయటికి లాగాడు. "ఇదేంటి?"

"మీరు చెప్పని వైరు. ముట్టుకోలేదు. భద్రంగా ఉంది."

రఫీ దాన్ని బోర్డు మీద ఓ మూల గుచ్చి, బల్ల మీదుగా చెయ్యి చాచి ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేశాడు. తెర తెల్లగా వెలిగింది. ఇందు గుమ్మం ముందే నిలబడి టకటకా కొట్టింది. ఐదుకి ఆరు నిమిషాలుండగా దరఖాస్తు చేరినట్టు వచ్చింది. గౌరునాయుడు వంగిపోయిన బొటనవేలితోనే కూతురి తల నిమిరాడు.

"ఎల్లుండి హాల్‌టికెట్టు ఇందులోనే తీసుకోవాలి నాన్నా" అంది ఇందు. తాళం వెయ్యకుండా షాపు దగ్గర వదిలేసిన సైకిలు తెచ్చుకోడానికి రఫీ బండి మీదే మళ్ళీ టౌనుకి బయల్దేరింది.

రఫీ వెళ్తూ వెళ్తూ కంప్యూటరు వైపు వేలు చూపించాడు. "దీన్ని అంగుళం కదిపారంటే నాది పూచీ కాదు."

అన్నదమ్ములు గుమ్మం వైపు చూశారు. గుమ్మానికి అడ్డంగా బల్ల ఉంది. మనుషులూ సామానూ వాకిట్లో ఉన్నారు. పొయ్యి లోపల ఉంది.

"లోపలికెళ్ళేదెలా?" అంది తవుడమ్మ.

"కంప్యూటర్ని కదపొద్దన్నాడు కానీ గుమ్మాన్ని కదపొద్దనలేదు కదా" అన్నాడు సన్యాసిరావు. తమ్ముడి తెలివికి గౌరునాయుడు పొంగిపోయాడు. ఇన్నాళ్ళూ వాణ్ణి తక్కువ అంచనా వేశాననుకున్నాడు.

ఇంకేముంది, గునపం తెచ్చి గుమ్మం పక్క గోడకి కన్నం మొదలుపెట్టారు. మనిషి పట్టేంత అయ్యేసరికి లోపల స్విచ్చిబోర్డు ఫట్‌మంది. సన్యాసిరావు జుట్టు నిలబడింది, తెర ఆరిపోయింది, ఫ్యాను ఆగిపోయింది, పక్కింటి టీవీ కూడా ఆగిపోయింది.

గౌరునాయుడు ఫోను తీశాడు. ఆయన గొంతులో భయం లేదు. తప్పు చెయ్యని మనిషి గొంతు.

"రఫీ బాబూ, మళ్ళీ ఆగిపోయింది. మీరు చెప్పినట్టే, కంప్యూటర్ని అంగుళం కూడా కదపలేదు. ఇంటినే కదిపాం."