దివిటీల మధ్య తోలుబొమ్మలాట

ఒరే అప్పూ, ఆ దుప్పటి చెల్లెలికి కూడా కప్పు. నీలూ, కాళ్ళు ముడుచుకో. ఊఁ కొడుతూ ఉంటేనే చెబుతాను, ఊఁ ఆగిందా, నేనూ ఆగిపోతాను.

అనగనగా ఒక పట్నం. ఊరు కాదర్రా, పట్నం. పట్నం కాబట్టి దానికో నగరసభ. సభకో పెద్ద, పేరు దండపాణయ్య. పొట్ట ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు.

ఆ పట్నంలో తోలుబొమ్మలాట ఆడే వెంకోబు ఉండేవాడు. ముసలాయన. కొడుకు మద్దెల వాయించేవాడు, కోడలు సుంకమ్మ తెర వెనక కూర్చుని ఆడబొమ్మలకీ, నవ్వించే బొమ్మకీ గొంతు ఇచ్చేది. రాజుగారి తాత వాళ్ళకి ఒక దొడ్డి ఇచ్చాడు. అందులోనే వాళ్ళ ఇల్లు, అందులోనే వాళ్ళ ఆట. కానీ ఒక షరతు పెట్టాడు. ఏటా రాజుగారు పట్నానికి వచ్చిన రోజున ఆట ఆడాలి. ఆట తప్పిందా, దొడ్డి నగరసభకి పోతుంది. వీళ్ళు వీధిన పడతారు.

మరి ఆటకి కావలసినవి ఎవరిస్తారు? పట్నంలో ప్రతి కొట్టువాడూ పన్నుతో పాటు ఆటల కోసమని కాస్త ఇచ్చేవాడు. అందులోంచి సభవాళ్ళు ఏటా వెంకోబుకి కొత్త తెల్లగుడ్డ ఒకటి, కుండెడు ఆముదం ఇవ్వాలి. అంతే. ఆయన ఇంకేమీ అడిగి ఎరగడు. తెరకి గుడ్డ, దీపానికి ఆముదం. ఊఁ కొడుతున్నారా?

ఆ ఏడాది వెంకోబు వెళ్ళి అడిగితే దండపాణయ్య, అలా ఊరికే ఇచ్చెయ్యడానికి ఇదేమన్నా పల్లెటూరా అన్నాడట. ఆటగాళ్ళకి ఏం కావాలో తేల్చడానికి ఒక సంఘం వెయ్యాలన్నాడు. అడగడానికి వచ్చినవాడు ఎదురుగా నుంచుని ఉన్నాడు కదా, వాణ్ణి అడిగితే పోదూ? అడగడు. అడిగితే వాడు పెద్దమనిషి ఎలా అవుతాడు?

సంఘం వేశారు. సంఘం అంటే కూర్చోవాలి, కూర్చోడానికి పరుపులు కావాలి. పరుపుల మీద కూర్చుంటే ఆకలేస్తుంది, ఆకలికి గారెలు కావాలి. గారెలు తింటే దాహమేస్తుంది, దాహానికి పానకం కావాలి. పానకం తాగితే నోరు తియ్యగా ఉంటుంది, తాంబూలం కావాలి. తాంబూలం వేసుకుంటే ఉమ్మాలి, ఉమ్మడానికి ఇత్తడి గిన్నె కావాలి. అన్నీ ఎక్కణ్ణించి? ఆటల సొమ్ములోంచి. పరుపులు, గారెలు, పానకం, తాంబూలం, ఇత్తడి గిన్నె. ఏదీ, నువ్వు చెప్పవే నీలూ. ఊఁ, గారెలు మర్చిపోదు చూడు ఇది.

తిని, తాగి, ఉమ్మి, చివరికి ఏం తేల్చారయ్యా అంటే, కళాకారుడికి సన్మానం చెయ్యాలని తేల్చారు. మండువేసవిలో వెంకోబుని పిలిచి ఉన్ని శాలువా కప్పారు. ఒకటి కాదు, సంఘంలో ప్రతివాడూ తన చేత్తో ఒకటి కప్పాలన్నాడు. పాపం ముసలాయన ఆ శాలువాల కింద చెమటలు కక్కుతూ, బాబూ తెరగుడ్డ, ఆముదం అన్నాడు. అవి మా తీర్మానంలో లేవు, శాలువా ఉంది అన్నారు.

మీ తాతకీ కప్పారులే ఒకసారి, హరికథ చెప్పినందుకు. దాని మీదే ఇప్పుడు మీ అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆ మాత్రమైనా పనికొచ్చింది.

వెంకోబు ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. దండపాణయ్యకి ఒక బావమరిది ఉన్నాడు. బెల్లం వ్యాపారి. ఆ దొడ్డి మీద ఎప్పణ్ణించో కన్నేశాడు, గోదాము కట్టుకోవాలని. ఇక దొడ్డి పోయినట్టేనమ్మా అని మావగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సుంకమ్మ లేచింది. చెంబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పట్నంలో తల్లులు పిల్లల తలకి రాసే ఆముదంలోంచి తలో చుక్కా పోశారు. పాత తెర ఉతికి, చిరిగినచోట మొగుడి పంచె చించి కుట్టింది. ఆట ఆడదాం మావా, ఏడవకు అంది.

రాజుగారు వచ్చే రోజు వచ్చింది. ఆ రాజుగారూ తక్కువేం కాదు, ఏటా వచ్చి ముందు కూర్చుని ఆవలించి పోయేవాడు. ఈసారి దండపాణయ్య ఏం చేశాడో తెలుసా? ఆట వైభవంగా ఉండాలని, సంఘంలో ఒక్కొక్కడి ముందూ ఒక్కో పెద్ద దివిటీ పాతించాడు. దివిటీ కింద వాడి పేరు చెక్కిన పలక. తెర ముందంతా పట్టపగల్లా అయిపోయింది.

తోలుబొమ్మలాటకి చీకటి కావాలి కదర్రా. తెర వెనక దీపం, మధ్యలో బొమ్మ, ఇవతల చీకట్లో మనం. అప్పుడే తెర మీద బొమ్మ పడేది. ఇవతలే అన్ని మంటలు పెడితే ఇంకేం కనిపిస్తుంది? ఏళ్ళ తరబడి ఆటలకి సొమ్మిచ్చే పెద్దలు, ఒక్కడైనా ఒక్కనాడైనా ఆట చూసి ఉంటే కదా ఆ సంగతి తెలిసేది. వెంకోబు పరుగున వెళ్ళి, అయ్యా దివిటీలు తీయించండి అని చేతులు పట్టుకున్నాడు. తీయిస్తే రాజుగారికి మేమెలా కనిపిస్తాం అన్నాడు దండపాణయ్య. చూశారా వాడి బుద్ధి.

మద్దెల మోగింది. బొమ్మలు ఆడాయి. తెర మాత్రం ఉత్త తెల్లగుడ్డలా ఉంది. జనం గుసగుసలు. దండపాణయ్య రాజుగారి వైపు వంగి, ఈ కళ చచ్చిపోయింది ప్రభూ, ఆట తప్పినట్టే, ఆ దొడ్డి ఇంకెవరికైనా ఉపయోగపడుతుంది అని మెల్లగా అన్నాడు. వెనక బావమరిది అప్పుడే కళ్ళతో స్థలం కొలుస్తున్నాడు.

అప్పుడు, ఒరే అప్పూ నిద్రపోకు, అసలు సంగతి ఇక్కడే ఉంది. అప్పుడు తెర వెనక నుంచి సుంకమ్మ నవ్వించే బొమ్మ గొంతుతో మాట్లాడింది.

"రాజా, తెర మీద బొమ్మ ఎందుకు పడటం లేదో చెప్పనా? ఆటల సొమ్ముతో గారెలు తిన్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు. వాళ్ళ మూతుల మీద ఆ నూనె ఇంకా ఆరలేదు. దివిటీలు మంచి వెలుగిస్తున్నాయి కదా, ఏ మూతి మెరుస్తోందో ఒక్కసారి చూడు."

రాజుగారు ఆవలింత మధ్యలో ఆపి ఇటు తిరిగాడు. తిరిగేసరికి పెద్దమనుషులంతా ఉత్తరీయాలతో మూతులు తుడుచుకుంటున్నారు. తిని నెలైందిరా వాళ్ళు, నూనె ఎక్కడిది? అయినా తుడుచుకున్నారు. ఒకడు తుడుచుకోవడం చాలక తన దివిటీ ఆర్పేశాడు. వాణ్ణి చూసి పక్కవాడు ఆర్పేశాడు. వాణ్ణి చూసి ఆ పక్కవాడు. చివరికి దండపాణయ్య కూడా పొట్ట అడ్డొస్తున్నా వంగి వంగి తనది ఆర్పేశాడు.

అంతా చీకటి. ఆ చీకట్లో తల్లులు పోసిన ఆముదం దీపం ఒక్కటే వెలిగి, తెర నిండా బొమ్మలు లేచాయి. ఎర్రవి, పచ్చవి, నల్లవి. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. నవ్వించే బొమ్మ పరుపెక్కింది, గారెలు మింగింది, పానకం తాగింది, తాంబూలం వేసింది, ఇత్తడి గిన్నెలో ఉమ్మింది, ఉమ్మి ఉమ్మి చివరికి ఆ గిన్నెకే శాలువా కప్పింది. జనం పడీ పడీ నవ్వారు. రాజుగారు మళ్ళీ ఆవలించలేదు.

ఆట అయ్యాక, ఎవరి దివిటీ వెలుగుతోందో వాళ్ళు లేవండి అన్నాడు రాజు. ఒక్కడూ లేవలేదు. ఆర్పుకున్నవాళ్ళే తిన్నవాళ్ళని తేలిపోయింది, ఇంకేం అడగాలి? దొడ్డి ఏ షరతూ లేకుండా వెంకోబు కుటుంబానిదే అన్నాడు. ఇకమీదట ఆటల సొమ్ములో ముందు తెరగుడ్డ, ఆముదం తియ్యాలి. సంఘంవాళ్ళు ఇంటి దగ్గర తినివచ్చి నేల మీద కూర్చోవాలి. ఆట మొదటి నుంచి చివరిదాకా చూసినవాడే సంఘంలో ఉండాలి. దాంతో సగం మంది ఆ రాత్రే సంఘం మానేశారు.

మిగిలినవాళ్ళకి సన్మానం జరగాల్సిందే అంది సుంకమ్మ. శాలువాలన్నీ తెచ్చి వాళ్ళకే కప్పింది, దండపాణయ్యకి రెండు. తెల్లారేదాకా ఇంకో ఆట ఉంది, కదలకుండా చూడాలంది. చూశారు. చెమటలు కక్కుతూ చూశారు. వెంకోబు మాత్రం చల్లగా, చొక్కా లేకుండా, బొమ్మలాడించాడు.

కాబట్టి ఏవర్రా, రేపు పెద్దై నలుగురికీ పంచే చోట మీరు కూర్చుంటే, ఎదురుగా ఉన్నవాణ్ణి ఏం కావాలో అడగండి, అడిగింది ఇవ్వండి, పక్కకి జరిగి కూర్చోండి. మీ మొహం ఎవరూ చూడక్కర్లేదు.

ఊఁ లేదేం? పడుకున్నారన్నమాట. సరే, కథ కంచికి, మీరు కలలోకి, నేను దీపం ఆర్పడానికి.