గొడుగు దాకా రాజ్యం

వెనకటికి ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన కొలువులో నవ్వించడమే కొలువుగా బతికేవాడు పేరిశాస్త్రి. ఆ ఏడు మాఘంలో శాస్త్రి భార్య సూరమ్మ కాలం చేసింది. పిల్లలు లేరు. పగలంతా సభను నవ్వించి, పొద్దుగూకాక ఇంటి తాళం తీసి, అలవాటు కొద్దీ "ఏమేవ్!" అని పిలిచి, ఊరుకునేవాడు.

వానాకాలంలో రాజుగారి పట్టాభిషేకోత్సవం వచ్చింది. ఆయన అంబారీ ఎక్కాడో లేదో, కుండపోతగా వాన! తోరణాలు తెగాయి, జనం తలోదారీ పట్టారు. తలపాగా రంగు కారి రాజుగారి మీసాలు పచ్చబడ్డాయి.

సభకు వస్తూనే గర్జించాడు. "ముహూర్తం పెట్టిన జోస్యుణ్ణి కొరత వేయండి!"

ముసలి జోస్యుడు రాజుగారి కాళ్ల మీద పడ్డాడు. మంత్రులు నేల చూపులు చూశారు. పేరిశాస్త్రి లేచి నిలబడ్డాడు.

"ఏలినవారు మన్నించాలి. అసలు నేరస్థుణ్ణి వదిలి సాక్షిని శిక్షిస్తారా? పాడుచేసింది వాన కదా!"

"అయితే దాన్నే పట్టుకురండి!" అన్నాడు రాజు ఉక్రోషంగా.

భటులు పరుగెత్తి గుండిగ నిండా వాననీళ్లు పట్టుకొచ్చారు. శాస్త్రి వంగి, గుండిగకు చెవి ఆనించి, తల ఊపాడు.

"ఏమంటోంది?"

"తాను తమ ప్రజ కాదంటోంది ప్రభూ. తమ రాజ్యం ఎందాకా అని అడుగుతోంది."

"తూర్పున సముద్రం దాకా, పడమట కొండల దాకా!"

"పైకి?"

రాజు తలెత్తి పైకి చూశాడు.

"పైకి తమ గొడుగు దాకానే ప్రభూ. ఆ పైన కురిసేదానికి తమ ఆజ్ఞ పట్టదు. పోనీ, లోపలికి, తమ మనసులో, తిరుగులేని రాజ్యం ఒకటుంది. ఇందాకటి నుంచి అందులో కోపం సింహాసనం ఎక్కి కూర్చుంది. ముందు దాన్ని దింపండి. జోస్యుడెక్కడికి పోతాడు?"

ఉద్దండవర్మ గుండిగ వంక చూసి, జోస్యుణ్ణి వదిలేయమని సైగ చేశాడు.

"ఈ విద్య నీకెవరు నేర్పారు శాస్త్రీ?"

"సూరమ్మ పోయి నేర్పింది ప్రభూ. రోజూ పిలుస్తాను, పలకదు. పలకడం నా చేతిలో లేదు. లేచి పొయ్యి రాజేయడం నా చేతిలో ఉంది."

"మరి ఏడవవా?"

"ఏడుస్తూనే రాజేస్తాను. కట్టెలు పచ్చివనుకుంటారు ఇరుగుపొరుగు."

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి ఇల్లెలా ఉందో తాను అడగనే లేదు.

"ఏం కావాలో కోరుకో."

"మాన్యాలు వద్దు ప్రభూ. ఒక్క పూట మా ఇంటికి భోజనానికి రండి."

"నీ వంట బాగుంటుందా?"

"బాగుండదు. తమకు ఓర్పు అలవాటు కావాలి కదా!"

సభంతా గొల్లున నవ్వింది. రాజు తన భుజాన ఉన్న పట్టుశాలువ తీసి శాస్త్రికి కప్పి, మర్నాడే వస్తానని మాటిచ్చాడు.

మర్నాడు పేరిశాస్త్రి కుండలోకి బియ్యం పోస్తుంటే, కొలవకుండానే, సూరమ్మ ఉన్నప్పటిలా, ఇద్దరికి సరిపడా పడ్డాయి. ఆ గింజల వంక కాసేపు చూస్తూ కూర్చుని, తర్వాత ఎసరు పెట్టాడు.