గ్రహణం లేనినాటి రోకలి

"మనం చేసేది పరిశోధనో పిచ్చో తేల్చేవాళ్ళు ఎవరయ్యవారూ?" అని ఓబులేసు అడిగాడు.

అడిగింది ఒక ఆదివారం పొద్దున, చెన్నకేశవులు అయ్యవారి వసారాలో. అయ్యవారు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి విరమించినవారు. ఆ తర్వాత ఏ సంస్థతోనూ సంబంధం పెట్టుకోకుండా ఇంట్లోనే కూర్చుని, ఒకపూట కాంతిశాస్త్రం, ఒకపూట తర్కం చెప్పే న్యాయశాస్త్రం చదువుకుంటూ, ఈ రెండూ ఎక్కడన్నా ఒకదాన్నొకటి పలకరించుకుంటాయా అని చూస్తుండేవారు. ఆదివారాలు మాలాంటి వాళ్ళం కొందరం ఆయన దగ్గర చేరేవాళ్ళం. ఒకరు నీటిబొట్టు ఆకారం మీద, ఒకరు కలల మీద, నేను ప్రతిధ్వని మీద పనిచేస్తున్నాం. పనిచేస్తున్నాం అని మేము అంటాం, మా ఇళ్ళలో వేరే మాట అంటారు. మమ్మల్ని ఎవరూ నియమించలేదు. తప్పు చేస్తే చెవి మెలిపెట్టేవాళ్ళూ లేరు. ఇక అయ్యవారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చేయిస్తారు. అందుకని ఒళ్ళు దాచుకునేవాళ్ళు ఆయనను ప్రశ్నలు అడగరు.

ఓబులేసుది రోకలి. నవ్వకండి, ఆ రోజు వరకూ నేనూ నవ్వుకున్నవాణ్ణే. గ్రహణం పట్టినప్పుడు మన ఇళ్ళలో ఇత్తడి తాంబాళంలో పసుపునీళ్ళు పోసి, నడిమధ్య రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ అది ఏ ఆధారమూ లేకుండా నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ చెబుతారు. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ నిలబెట్టిన రోకలిని చూసి ఓబులేసు ఇంకా తేరుకోలేదు. కళ్ళద్దాల దుకాణం నడుపుకుంటూనే ఆ ఒక్క దృశ్యం చుట్టూ పెద్ద సిద్ధాంతం కట్టాడు. సూర్యుడూ చంద్రుడూ భూమీ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు ఆకర్షణలన్నీ కలిసి వస్తువు బరువును సరిగ్గా నడిమికి తెస్తాయని అందులో ఒక సగం. సాంఖ్యులు చెప్పిన సత్త్వం, రజస్సు, తమస్సు అనే మూడు గుణాల సమస్థితి ఆ కాసేపు లోకంలో కళ్ళకు కనబడుతుందని ఇంకో సగం. గ్రహణం ఎక్కడ కనిపిస్తే అక్కడికి రోకలిని గోనెసంచిలో చుట్టుకుని పోయేవాడు. దాన్ని బస్సులో ఎక్కడ పెట్టాలన్న విషయంలో అతను పడ్డ తగాదాలు వినాలి, కడుపు చెక్కలవుతుంది. ఎప్పుడు చూసినా దుకాణం మూసి తిరుగుతున్నాడని భార్య అలిగి కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండిపోయింది కూడా. ఇన్నేళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక పండితసభ వాళ్ళు అతన్ని పిలిచారు. సభ ఆ వారంలోనే. అతని మాట వినడానికి చదువుకున్నవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చోబోవడం అదే మొదలు.

అలాంటప్పుడు సంతోషంతో రావలసిన మనిషి భయంతో వచ్చాడు. "వాళ్ళు పెద్ద చదువులు చదివినోళ్ళు అయ్యవారూ. వాళ్ళు తప్పు చేస్తే దిద్దేదానికి పైన ఇంకొకరుంటారు. మనల్ని అడిగే దిక్కు లేదు, దిద్దే దిక్కు లేదు. మనం సరైన దోవలోనే పోతాండామని మనకెట్ల తెలిసేది?" అన్నాడు.

అయ్యవారు, "అన్వయం చూసినావు. వ్యతిరేకం చూసినావా?" అని అడిగారు.

"చూడకేం అయ్యవారూ! ఇంట్లో వ్యతిరేకం, వీధిలో వ్యతిరేకం. మా బామ్మర్ది అయితే నన్ను వదిలిపెట్టి రోకలి బాగుందా అని అడుగుతాడు. వ్యతిరేకానికేం కొదవ!"

మేమందరం నవ్వాం. అయ్యవారు నవ్వలేదు. ఆ మాటకు శాస్త్రంలో ఉన్న అర్థం వేరు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉందని చూడటం అన్వయం. నిప్పు లేనిచోట పొగ కూడా లేదని చూడటం వ్యతిరేకం. రెండోది చూడందే మొదటిది సగం పనే. మాకు ఈ పాఠం చెప్పిందే ఓబులేసు. అయినా ఆ క్షణాన అతని చెవికి ఊళ్ళోవాళ్ళ వ్యతిరేకమే వినబడింది. పాపం, అతను ఎక్కువగా విన్నది దాన్నే మరి. మా నవ్వు ఆగేలోపే అతని ముఖం మారిపోయింది. అయ్యవారు ఏం అడిగారో అప్పుడు తెలిసింది.

గ్రహణం లేని రోజున ఓబులేసు ఎప్పుడూ రోకలిని నిలబెట్టి చూడలేదు.

దీన్ని మతిమరుపు అనలేం, మోసం అసలే అనలేం. దంచడం అయ్యాక రోకలిని గోడకు ఆనించడమే మనకు తెలుసు. ఊరికే నిలబెట్టబోతే ఇంట్లో పెద్దవాళ్ళు కసురుకుంటారు. మామూలు రోజుల్లో అది నిలబడదని అందరికీ తెలుసు. ఎంత బాగా తెలుసంటే, నిలబెట్టి చూద్దామన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఓబులేసుతో ఆకర్షణ లెక్కల మీద వాదించాను, సాంఖ్యం మీద గొంతు చించుకున్నాను, ఈ ఒక్క ప్రశ్న నాకూ తట్టలేదు.

"అక్కా, రోకలి ఇట్లా తెస్తావా?" అని అయ్యవారు లోపలికి కేకేశారు.

తిమ్మక్క అయ్యవారి అక్కగారు. తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి, "ఇప్పుడెందుకబ్బీ? గ్రహణం యాడుంది?" అంది.

"లేదనే తెమ్మంటాండా."

"లేనప్పుడు ఎట్ల నిలబడతాది? సూర్యునితో ఎగతాళి పడినట్టుంటాది" అని సణుగుతూనే తెచ్చింది. రోకలితోపాటు తాంబాళం, పసుపు కలిపిన నీళ్ళు కూడా తెచ్చింది. ఇష్టం లేని పనైనా సక్రమంగా చేయాలనే మనిషి.

ఓబులేసు కూర్చున్నచోటి నుంచి కదలలేదు. "మీకు ముందే తెలుసునా అయ్యవారూ?" అన్నాడు. గొంతులో కొంచెం కోపం కూడా ఉంది.

"లేదప్పా. మా ఇంట్లోనూ గ్రహణం నాడే. నేను గూడా ఇంతవరకూ చూడలా. నిలబడకపోతే నీ మాటకు బలమొస్తాది. నిలబడితే..." అని ఆగిపోయారు. నిలబడితే ఏమవుతుందో వసారాలో ఉన్న అందరికీ తెలుసు. ఇన్నేళ్ళ పని, సభ, ఇంట్లో పడ్డ మాటలు, అన్నీ ఆ కర్ర మీదే ఉన్నాయి.

ఓబులేసు వచ్చి తాంబాళం ముందు కూర్చున్నాడు. రోకలి అడుగున ఉన్న ఇనుప పొన్నును పసుపునీళ్ళలో ఆనించి, వేళ్ళతో పట్టుకుని, చూరు కిందనుంచి ఆకాశం వైపు చూశాడు. తెల్లటి ఎండ కాస్తోంది. చేతులు తీశాడు. రోకలి ఒక్క క్షణం ఆగి, పక్కకు ఒరిగి, తాంబాళం అంచుకు తగిలి ఖంగుమని పడింది. పసుపునీళ్ళు మా బట్టల మీద చిందాయి.

"నేను చెప్పలా!" అంది తిమ్మక్క.

ఓబులేసు ముఖం వెలిగిపోయింది. మేమూ హమ్మయ్య అనుకున్నాం. అతను ఓడిపోవాలని మాలో ఎవరికీ లేదు. అప్పుడే లేచి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయి ఉంటే, ఓబులేసు వ్యతిరేకం కూడా చూశాడని మేమందరం ప్రమాణం చేసి చెప్పేవాళ్ళం. సభలో ఆ మాట చేర్చుకుంటే అతని సిద్ధాంతానికి ఇంకా వన్నె వచ్చేది. అయ్యవారు మాత్రం పడిన రోకలిని చూస్తూ కూర్చున్నారు.

ఓబులేసు కూడా దాన్నే చూస్తున్నాడు. చూస్తూ ఉండగానే అతని ముఖంలో సంతోషం కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. "గ్రహణం నాడు గూడా ఇది మొదటిసారికే నిలబడదు" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. "పడతాది. మళ్ళా పెడతాం. మళ్ళా పడతాది. నిలబడేదాకా వదలం. ఈ పొద్దు ఒక్కసారికే వదిలేస్తే ఎట్లా?"

మళ్ళీ ఎత్తాడు. పడింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడింది. తిమ్మక్క విసుక్కోవడం మానేసి గడప మీద కూర్చుంది. గ్రహణాల కోసం దాచుకున్న ఓపికంతా అతను ఆ మామూలు ఆదివారానికి ఇచ్చాడు. వేళ్ళ మధ్య రోకలిని ఇటు కొంచెం, అటు కొంచెం జరుపుతూ, బరువు ఎక్కడ కుదురుకుంటుందో వెతుకుతున్నాడు. తాను కట్టినదాన్ని తన చేతులతోనే పడగొట్టుకోబోతున్నాడని అతనికి తెలుసు, అయినా చేతుల్లో కాస్తంత మోసం కూడా లేదు. చాల్లే ఓబులేసూ అనే మాట నా నోటిదాకా వచ్చింది.

అప్పుడతను చేతులు తీశాడు. రోకలి అలాగే ఉండిపోయింది.

వీధిలో కూరగాయలమ్మే ఆమె కేక వినిపించింది. ఎక్కడో పిల్లలు పోట్లాడుకుంటున్నారు. ఎండ కాస్తూనే ఉంది. మా మధ్య, ఛాతీ ఎత్తు కర్ర ఒకటి, గుప్పెట్లో పట్టేంత ఇనుప చుట్టు మీద, ఎవరూ పట్టుకోకుండా నిలబడి ఉంది. మా ఊపిరి తగిలి పడిపోతుందేమోనని అందరం మూతికి చేతులు అడ్డం పెట్టుకున్నాం. తరతరాలుగా మన ఇళ్ళలో మూలన గోడకు ఆనించిన ప్రతి రోకలీ, ఏ రోజైనా, ఏ పూటైనా, ఇలా నిలబడగలిగే ఉందన్నమాట! దాని ముందు ఇంత ఓపిగ్గా మనం కూర్చున్నది గ్రహణం రోజున మాత్రమే. ఒక వింత అబద్ధమైపోయినందుకు నాకు దిగులు కలగాలి. కలగలేదు. ఎప్పుడో ఒకనాడు వచ్చిపోయే వింత ఏడాది పొడుగునా పరుచుకుని ఉందని తెలిసి ఒళ్ళు జలదరించింది. ఆ పూట మా వీధి, మా ఎండ, ఆ కూరగాయలామె గొంతు కూడా నాకు కొత్తగా ఉన్నాయి.

తిమ్మక్క మెల్లగా లేచి వచ్చింది. రోకలిని తాకలేదు. దాని ముందు నేలను తాకి వేళ్ళు కళ్ళకద్దుకుని, "ఈ పొద్దు గూడా ఉండావా తల్లీ!" అంది.

ఓబులేసు బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి, తాంబాళం అంచు మీదుగా పొన్నును చూస్తున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇది ఎట్ల నిలబడతాండాది?" అని గుసగుసగా అన్నాడు. ఇన్నేళ్ళలో అతను ఈ ప్రశ్న వేయడం మేము వినలేదు. గ్రహణం దాన్ని ఎట్లా నిలబెడుతుందనే ఎప్పుడూ అడిగేవాడు.

చాలాసేపటికి లేచి కూర్చున్నాడు. "నా సిద్ధాంతం పాయె. సభలో ఇదే చెప్తా. చెప్పకుండా ఉండలేను. రోకలి ఎప్పుడైనా నిలబడతాదని చెప్పేదానికా గ్రహణాల వెంబడి తిరిగినావని నగుతారు, నగనీ. కానీ అయ్యవారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు. మనల్ని దిద్దేది ఎవరు?"

అయ్యవారు రోకలి మీంచి చూపు తిప్పకుండానే అన్నారు:

"మొదటిసారి పడిపోయింది గదప్పా. మళ్ళా ఎత్తమని నీకెవరు చెప్పినారు?"