కోటిలింగం చూడని పునాది

అనగనగా ఉప్పుటేటి గట్టున ఒక ఊళ్ళో కోటిలింగం అని ఒక నేతగాడు ఉండేవాడమ్మా. అతని పెళ్ళాం పేరు సుబ్బరత్తం. ఆవిడ నూలు కండెలు చుట్టి ఇస్తుంటే అతను చీరలు నేసేవాడు. వాళ్ళకు ఉన్నదల్లా ఒక్క మగ్గం, దాని మీద తాతలనాటి టేకు దూలాలకు వేసిన పాత తాటాకు కప్పు. ఆ మగ్గం ఆడితేనే వాళ్ళ పొయ్యి వెలిగేది.

వాన పడితే చాలు, కప్పు కారేది. పడుగు దారాలు తడిసి, గంజి కరిగి, నూలు పుటుక్కున తెగేది. అప్పుడు మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకున్నారు. ఈ తాటాకు పీకేసి, గోడలు కొత్తగా లేపి, పైన పెంకులు వేయించుకుందాం అని.

ఆ మాట ఎలా తెలిసిందో ఏమో, గవర్రాజని ఒక మేస్త్రి వచ్చి వాలాడు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు మాట్లాడేవాడు. వాళ్ళ అరుగు మీద కూర్చుని, వాళ్ళ మజ్జిగ తాగి, నీ మగ్గం మీద చుక్క నీరు పడితే నా పేరు మార్చుకుంటానన్నాడు. ఇదివరకు ఎవరెవరి ఇళ్ళు కట్టావయ్యా అని కోటిలింగం అడగనే లేదు.

ఎందుకు అడగలేదంటావా? ఆ ఊరి నేతగాళ్ళకి ఒక పట్టింపు ఉండేది తల్లీ. మగ్గం మీద ఉన్న బట్టని ఎవరూ తొంగి చూడకూడదు. నేసి, కోసి, మడత పెట్టాకే చూడాలి. మధ్యలో చూసినా, ఆరా తీసినా ఆ మనిషిని నమ్మనట్టే. పిచ్చిమారాజు, మేస్త్రికి కూడా అదే మర్యాద చేశాడు. ఆ మర్యాద ఎవరికి చేస్తున్నాడో చూసుకోవద్దూ?

మగ్గం ఊడదీసి ఎదురు పాకలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంటివైపు తల తిప్పలేదు. సుబ్బరత్తానికి మాత్రం కాలు నిలవలేదు. నీళ్ళకి వెళ్ళే వంకన చూసి వచ్చింది. పునాది మోకాలి లోతు కూడా తీయలేదు, ఒక్కసారి వచ్చి చూడమంది.

"మన బట్టని ఎవరన్నా తొంగి చూస్తే మనకెట్టా ఉంటదే?" అన్నాడు కోటిలింగం.

మళ్ళీ కొన్నాళ్ళకి చూసింది. ఏటి ఒడ్డున ఉన్న ఉప్పు ఇసుక బండ్లకొద్దీ తోలుతున్నారు. వచ్చి చెప్పింది. ఆయన పని ఆయనకు తెలుసులే అన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు పరుగెత్తుకొచ్చింది. తాతలనాటి టేకు దూలాలు చెదపట్టాయని చెప్పి బండెక్కించి పట్టుకుపోతున్నారు, వాటి చోట పచ్చి మామిడి చెక్క ఎత్తుతున్నారు అంది. ఈసారి కోటిలింగం విసుగ్గా అటు తిరిగి కూర్చున్నాడు. ఇక ఆవిడ కూడా అడగడం మానేసింది.

ఇల్లు పూర్తయింది. తెల్లగా సున్నం కొట్టి, మల్లెపువ్వులా చేసి చూపించాడు గవర్రాజు. కోటిలింగం పొంగిపోయాడు. అనుకున్న డబ్బంతా ఇచ్చి, అది చాలక సుబ్బరత్తం కోసం నేసిన చీర తీసి, మీ ఇంటావిడకు పెట్టమని మేస్త్రి చేతిలో పెట్టాడు. నాకైతే ఆ చీర సంగతి ఇప్పటికీ మింగుడు పడదు.

మగ్గం మళ్ళీ ఇంట్లో దింపుకున్నారో లేదో, శ్రావణం ముసురు పట్టింది. గోడలకి ఉప్పు పూసింది. పూత పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ తర్వాత మగ్గం గుంటలోకి నీళ్ళు ఊరాయి. ఒక మధ్యాహ్నం కోటిలింగం నూలు తేవడానికి వెళ్ళినప్పుడు దూలం పెటపెటమంది. సుబ్బరత్తం బయటికి పరుగెత్తొచ్చు. కానీ మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అది కోసి తెద్దామని లోపలికి పోయింది. గోడ విరుచుకుపడింది.

మగ్గం ముక్కలైంది. ఆవిడ ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి నలిగిపోయింది. ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదమ్మా.

కోటిలింగం మేస్త్రి కోసం ఊరూరా తిరిగాడు. ఒకచోట పగుళ్ళిచ్చిన గోడకి వెదురు బొంగులు ఆసరా పెట్టిన ఇల్లు కనిపించింది. అదీ గవర్రాజు కట్టిందేనట. ముందే చెబితే నా ఇల్లు నిలిచేది కదమ్మా అన్నాడు ఆ ఇల్లాలితో.

"సిగ్గేసింది అన్నా, ఎవరితో చెప్పుకోను? నువ్వొచ్చి అడిగుంటే దాచేదాన్ని కాదు," అంది ఆవిడ.

కోటిలింగం తల వంచుకుని ఇంటికొచ్చాడు. వచ్చి తనూ అదే పని చేశాడు చూడు. ఇల్లెలా పడిందని ఎవరడిగినా గాలివానకి పడిందనేవాడు.

ఇంతలో పక్కూళ్ళో ఒక కొత్త జంట గవర్రాజు చేత ఇల్లు బాగుచేయించుకుంటున్నారని తెలిసింది. కోటిలింగం విననట్టే ఊరుకున్నాడు. సుబ్బరత్తం మాత్రం లేచి పైట సర్దుకుంది.

"పద, చెప్పి వద్దాం. మనకెవరూ చెప్పలేదు," అంది.

ఇద్దరూ నడిచి వెళ్ళారు. ఆ మొగుడు నమ్మలేదు, మా మేస్త్రి అలాంటివాడు కాదన్నాడు. అప్పుడు సుబ్బరత్తం ఆ ఇంటి కొత్త కోడలు పిల్ల పక్కన కూర్చుని, పైట కింద దాచుకున్న చెయ్యి తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల ఆ వేళ్ళు తడిమి చూసింది. ఆ తర్వాత లేచి వెళ్ళి, తవ్విన పునాదిలోకి దిగి నిలబడింది. మోకాలిదాకా కూడా రాలేదు. ఆ పూటే మేస్త్రిని పంపించేశారు.

ఆ పిల్ల ఇల్లు గట్టిగా నిలబడింది. వీళ్ళిల్లు మళ్ళీ లేవలేదు. కోటిలింగం పరాయి మగ్గం మీద కూలికి నేశాడు. పాకలోనే ఉండిపోయారు. పెళ్ళానికి అన్నం తనే కలిపి, తనే ముద్దలు పెట్టేవాడు.

"నువ్వు చెప్పినప్పుడు వచ్చి చూశాను కాదు," అనేవాడు రోజూ మొదటి ముద్ద దగ్గర.

ఆవిడ కాదనేది కాదు, అవుననేది కాదు. నోరు తెరిచి ఆ ముద్ద తినేది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వూ నేనూ మనింటికి.