గైరమ్మ అలికిన పరాయి గోడలు

ఎప్పటి మాటో నాకూ తెలియదు గానీ పిల్లలూ, అనగనగా సెగలకొండ అనే రాజ్యం ఉండేది. అక్కడ ఎండాకాలంలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి. చలికాలంలో పళ్ళు టకటకలాడేవి. అందుకని జనం మూరెడు మందం మట్టిగోడలతో గుండ్రటి చుట్టిళ్ళు కట్టుకుని, పైన తాటాకు కప్పుకునేవారు. లోపల ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండేది. కాకపోతే ఏటా గోడలు అలకాలి. అలకని గోడ రెండు మూడేళ్ళ వానలకే కరిగిపోతుంది.

ఆ దేశపు రాజు గిరిపాలుడికి కొండ కింద మండే నల్లరాయి దొరికింది. ఆ మంటకు నీళ్ళు ఆవిరై చక్రాలు తిరిగేవి. చక్రాలు తిరిగితే పెద్ద పెద్ద విసనకర్రలు తడి వట్టివేళ్ళ తడికల మీదుగా గాలి విసిరేవి. రాజు రేకుల మేడలు కట్టించి, "అలికే పని లేదు, రండి!" అని చాటింపు వేయించాడు.

ఊరంతా తరలిపోయింది. గైరమ్మ అనే ముసలమ్మ ఒక్కతే మిగిలింది.

"నువ్వూ రా వదినా, ఏలు కదపకుండా గాలొస్తాది" అంది పక్కింటి పోలమ్మ వెళ్తూ వెళ్తూ.

"ఆ రాయి అయిపోతే ఏటి సేస్తారే?"

జనాన్ని తరలించడానికి వచ్చిన మంత్రి పకపకా నవ్వాడు. "పిచ్చి అవ్వా! బావిలో నీరు ఊరినట్టు, భూమిలో రాయి ఊరుతుంది."

అందరూ అదే నమ్మారు.

ఆ వీధిలో ఇక పలకరించే దిక్కు లేదు. గైరమ్మ తన గోడ అలుక్కున్నాక, పోలమ్మ గోడా అలికింది. మరో ఏడు వాటితో పాటు ఇంకో ఇల్లు, ఆపై ఏడు ఇంకొకటి. పుణ్యం కోసం కాదు పిల్లలూ, ఒంటరితనం భరించలేక. మిగతా ఇళ్ళకు ఆమె ఓపిక చాలలేదు. అవి కూలిపోయాయి.

నల్లరాయి మొదటి ఏడు నిలువెత్తు లోతులో దొరికింది. రెండో ఏడు తాడిచెట్టంత లోతులో. మూడో ఏడు ఎంత తవ్వినా నీళ్ళే పడ్డాయి. "వదిలేయండి, ఊరుతుంది" అన్నాడు మంత్రి. నలభై రోజులు చూశారు. పిడికెడు రాయి కూడా ఊరలేదు.

సరిగ్గా రోహిణికార్తెలో చక్రాలు ఆగాయి. రేకులు పెనంలా కాలాయి. పసిపిల్లలు సొమ్మసిల్లుతుంటే, జనం వాళ్ళను ఎత్తుకుని పాత వీధికి పరుగెత్తారు. నిలిచి ఉన్నవి నాలుగే ఇళ్ళు. అందరూ వాటిలోనే ఇరుక్కున్నారు. పిల్లలు కళ్ళు తెరిచారు.

అందరికన్నా చివర రాజు వచ్చాడు. "అమ్మా, చోటుందా?"

"ఒదిగి కూకో బాబూ."

"నీకేం బహుమానం ఇవ్వను?"

"ఏటీ వద్దు. వానల్లోపు మిగతా గోడలు లేపాల. నానొక్కదాన్నీ సెయ్యలేను."

మర్నాడు రాజే దిగి మట్టి తొక్కాడు. మంత్రి నీళ్ళు మోశాడు.

పోలమ్మ తన గోడను తడిమి చూసుకుంది. "నాను రానని తెలిసీ ఎందుకలికినావు వదినా?"

"అలుకుతా ఉంటే నువ్వు లోపలున్నట్టే ఉండేదే" అంది గైరమ్మ. మూడేళ్ళుగా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.

నీతి: తవ్వి తీసుకునేది ఏదో ఒకనాడు అయిపోతుంది, ఏటేటా చేతులారా కాపాడుకునేదే ఎండకూ చలికీ మనిషికి అండగా నిలుస్తుంది.