అతిథి నోట ఇప్పపువ్వు

ఇప్పలగుట్ట మీద ఎండాకాలం తెల్లారేసరికి నేలంతా పూలే. ఎలుగుబంటి మొదలు ఉడత దాకా అంతా చెట్ల కింద చేరతారు, ఏరుకుంటారు, పంచుకుంటారు. ఎవరి వంతు మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కింద మైదానంలో, ఏనుగురాజు కొలువులో పుట్టింది.

రాజుగారికి చల్లటి వేసవి విడిది ఒకటి కావాలనిపించింది. మంత్రి నక్క వెంటనే ఇప్పలగుట్ట చూపించింది. గుట్టవాళ్లను ఊబిమడుగు దగ్గరికి తోలేస్తే సరి, రాళ్లు కొట్టించే పని తన బావమరుదులకు ఇప్పించుకోవచ్చు.

"వాళ్లు ఒప్పుకుంటారంటావా?" అన్నాడు రాజు.

"మీరే వచ్చి అడగండి ప్రభూ! ఒక్కరు కాదంటే ఒట్టు," అంది నక్క.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. గుట్టవాళ్లకో ఆచారం ఉంది. ఇంటికొచ్చినవాళ్ల నోట ఎంగిలి పడేదాకా బేరం గానీ తగాదా గానీ ఎత్తరు. ఎదుటివాళ్లు ఏం వాగినా విని ఊరుకుంటారు. ఈ సంగతి నక్కకు బాగా తెలుసు. అందుకే దారి పొడుగునా రాజు చెవిలో ఒకటే పోరు: "అక్కడ మాత్రం ఏదీ నోట పెట్టకండి ప్రభూ."

రాజుగారి సామాను మోసుకుంటూ బూడిదరంగు మైలెద్దు కూడా వెంట వచ్చింది. దానికి గుట్ట కొత్త కాదు. రెండేళ్ల కిందట ఇక్కడే జారి ముందుకాలు విరగ్గొట్టుకుంటే, కొలువువాళ్లు "ఇక ఇది లేవదు" అని వదిలేసి పోయారు. ఒళ్లంతా పొలుసులుండే ముసలి అలుగవ్వ చెట్టుబెరడు నూరి కట్టు కట్టింది. ముళ్లపంది నీళ్లు మోసింది. మూడు నెలలు కుందేళ్లు వంతులు వేసుకుని గడ్డి తెచ్చి పెట్టాయి. ఆ కాలు నేలకు ఆనినప్పుడల్లా ఎద్దుకు వాళ్లే గుర్తొస్తారు.

గుట్టవాళ్లు అడ్డాకు దొప్పలో ఇప్పపూలు పోసి రాజు ముందుంచారు. రాజు తొండం కదిలింది. నక్క దగ్గింది. తొండం ఆగింది.

"గుట్ట రాజుగారికి వదిలి మీరంతా మడుగు దగ్గరికి పోవాలి. ఎవరికైనా అభ్యంతరమా?" అని నక్క గొంతెత్తింది.

అందరూ తలలు వంచుకున్నారు. కుందేలుతల్లి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ నోరు విప్పలేదు.

"మౌనం అర్ధాంగీకారం ప్రభూ! ఇక్కడ అరవైమంది ఉన్నారు. సగం చొప్పున ముప్పై అంగీకారాలు వచ్చినట్టే. ఈ మట్టిపలక మీద మీ పాదముద్ర వేసేయండి, అయిపోతుంది."

రాజు కాలెత్తాడు.

"ఆగండి ప్రభూ!" అంది ఎద్దు. "వాళ్లు ఒప్పుకోలేదు. మనం వాళ్లు పెట్టింది తింటే గానీ మాట్లాడకూడదని వాళ్ల ఆచారం."

"నిజమేనా?" అని రాజు అడిగాడు. ఎవరూ పలకలేదు.

"చూశారా! ఒక్కరైనా అవునన్నారా?" అని నక్క ఎగిరింది.

"మౌనం అంగీకారమైతే, నా మాటకూ అంగీకారమేగా మంత్రిగారూ?" అంది ఎద్దు.

రాజు తొండంతో తల గోక్కున్నాడు. "పోనీ, ఓ పువ్వు తింటే తేలిపోతుందిగా. వాసన కూడా బాగుంది."

"వద్దు ప్రభూ, విషమేమో! ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి!" నక్క ఎద్దు మీదికి తిరిగింది. "రాజుగారి గడ్డి తింటూ వీళ్ల పాట పాడతావా?"

"గడ్డి రాజుగారిదే, కాదనను. ఈ కాలు మాత్రం వీళ్లిచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం నా వల్ల కాదు," అంది ఎద్దు. "అయినా విషమని అనుమానం వస్తే, మన కొలువులో ముందు రుచి చూడాల్సింది మంత్రే కదా?"

"అవునవును, అదే పద్ధతి," అన్నాడు రాజు.

నక్కకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. తినకపోతే రాజుకు అనుమానం, తింటే గుట్టవాళ్లకు నోరొస్తుంది. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడి, చివరికి అన్నిటికన్నా చిన్న పువ్వు ఏరుకుని మింగింది.

"వచ్చినోళ్లు తిన్నరహో!" అని ఉడత కొమ్మ మీంచి కేకేసింది.

"మేం పోం," అంది అలుగవ్వ. "మడుగు కాడ అంతా బురదే గదయ్యా. బురదల చీమలుంటయా? నేనేం తిని బతకాలె?"

"దుంపలు దొరికేది ఈ నేలలనే," అంది ముళ్లపంది.

"నా పిల్లలకు ఈత రాదు," అంది కుందేలుతల్లి.

ఎలుగన్న అయితే గుట్ట మీది నలభై ఏడు ఇప్పచెట్లనూ పేరుపేరునా చెప్పడం మొదలుపెట్టాడు.

రాజు బిత్తరపోయాడు. "మరి ఇంతసేపూ ఎందుకు ఊరుకున్నారు?"

"ఎండల నడిచొచ్చి ఆకలి మీదున్నరు గదయ్యా," అంది అలుగవ్వ. "ఆకలిగొన్నోళ్ల మొహం మీద కాదని ఎట్ల చెప్తం?"

రాజుకు సిగ్గేసింది. మట్టిపలకను తొండంతో విరిచి అవతల పారేశాడు. దొప్ప అందుకుని గుట్టవాళ్ల మధ్యే కూర్చుని కడుపారా తిన్నాడు. "గుట్ట మీది, నిర్ణయమూ మీదే. ఇంత మర్యాద నా కొలువులో ఎన్నడూ చూడలేదు. మీకు రుణపడ్డాను," అన్నాడు.

అలుగవ్వ ఎద్దు కాలు నిమిరింది. "నీ మేలు మరువం కొడుకా."

"మీరు చేసినదాని ముందు ఇదెంత అవ్వా!" అంది ఎద్దు. "మీరు లేకుంటే నేనీపాటికి మట్టిలో కలిసేవాణ్ణి. ఇవాళ మాట్లాడింది కూడా మీరే, నేను కాస్త ఆగమన్నాను అంతే."

ఈ సందట్లో మెల్లగా జారుకోబోయిన నక్కను రాజు తొండం చాచి ఆపాడు. "ఎక్కడికి మంత్రీ? ఇంకా యాభైమందికి పైగా చెప్పాలి. కూర్చుని అందరిదీ విను."

ఎలుగన్న అప్పటికి పన్నెండో చెట్టు దగ్గరున్నాడు. నక్క చెవులు వేలాడేసుకుని కూలబడింది.

నీతి: ఎవరి నేల సంగతైనా వాళ్ల నోటే వినాలి, ఊరుకున్నారు కదా అని ఒప్పుకున్నట్టు రాసుకోకూడదు.